అత్తయ్య చూసిన సీరియల్‌, నేను రాసిన సమీక్ష

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పాత సీరియళ్ళ గురించి ఆన్‌లైన్‌లో కార్యక్రమం చేస్తోందట. పాతికేళ్ళ కిందట వచ్చిన ఒక డాక్టరు సీరియల్‌ని ఈమధ్య ఎవరో ఫోన్‌లో చూసుకునేలా పెట్టారట, అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఎగబడి చూస్తున్నారట. నోటి దురుసు డాక్టరు కథ అది. రోగుల్ని తిడతాడు, నర్సుల్ని తిడతాడు, చివరికి ఎవరికీ అంతుపట్టని జబ్బును అతనే కనిపెడతాడు. అప్పట్లో తెలుగు పత్రికలన్నీ దుమ్మెత్తిపోస్తే మీరొక్కరే మెచ్చుకున్నారు సార్, మీరొచ్చి మాట్లాడాలి, స్టూడియో పంజాగుట్టలోనే అంది. యాభై దాటాక ఎవరైనా పొగిడితే కాదనడం కష్టం, సరేనన్నాను. అప్పుడా పిల్ల ఇంకో సంగతి అడిగింది. సీరియల్ మొత్తానికి గొప్ప డైలాగు ఇదేనంటూ నా సమీక్షలో ఒక రోగి మాటను ఎత్తి రాశానట: "తిట్టడం అయిపోయిందా డాక్టరుగారూ? అయితే వినండి, నేను చెప్పాల్సింది ఇంకా ఉంది." ఎపిసోడ్లన్నీ రెండుసార్లు వెతికారట, ఆ మాట ఎక్కడా లేదట. ఏ ఎపిసోడో గుర్తుందా సార్ అంది. గుర్తులేదమ్మా అన్నాను. ఆ సీరియల్‌ని నేను ఒక్కరోజు కూడా చూడలేదు. చూసింది మా అత్తయ్య.

అత్తయ్య మా నాన్నకి పెద్దక్క. పెళ్ళయ్యాక తెనాలి వైపు నుంచి వచ్చి, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే మామయ్యతో అమీర్‌పేటలో కాపురం పెట్టింది. పిల్లల్లేరు. మామయ్య పోయాక, ఆవిడకి తోడుంటానని చెప్పి ఆ రెండు గదుల ఇంట్లో నేను చేరాను. తోడు కావలసింది నాకేనని ఇద్దరికీ తెలుసు, ముప్పై దాటినా నాకు అన్నం వార్చడం కూడా రాదు. మా సందులో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి లేస్తున్న రోజులవి. మా మేడమీద కూడా ఒక కోచింగ్ సెంటరు ఉండేది. మెట్లకింద వందజతల మధ్య అత్తయ్య తన చెప్పులు వెతుక్కుని కూరగాయలకి వెళ్ళేది. వీధిలో కరపత్రాలు పంచేవాళ్ళు అరవయ్యేళ్ళ మనిషని కూడా చూడకుండా, నెలరోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్పుతామని ఆవిడ చేతిలోనూ ఒకటి పెట్టేవాళ్ళు. ఆవిడ వద్దనేది కాదు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా అని ఇంటికి తెచ్చి దొంతరగా పెట్టుకునేది. సీరియల్ చూస్తూ కథ రాసుకునేది ఆ కాగితాల వెనకే.

నేను పంజాగుట్టలో ఒక వారపత్రికలో టీవీ పేజీ చూసేవాణ్ణి. చూసేవాణ్ణి అనడమే గానీ, సీరియల్ వచ్చే వేళకి నేను ఆఫీసులో ప్రూఫులు దిద్దుతూ ఉండేవాణ్ణి. మాలో అది వింతేమీ కాదు. వంటల పేజీ రాసే పెద్దమనిషికి స్టవ్ వెలిగించడం రాదు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చూసేవాళ్ళు, మేం రాసేవాళ్ళం, కింద పేరు మాత్రం మాది ఉండేది. పొద్దున్నే నేను ఉప్మా తింటుంటే అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కథ చెప్పేది. పాత్రల పేర్లు ఆవిడకి గుర్తుండేవి కావు. డాక్టరు 'ఆ గడ్డం పంతులు', హెడ్డు నర్సు 'తెనాలి మొహం పిల్ల'. తిట్లొచ్చే చోట లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ డాక్టరులా తిట్టి చూపించేది. రోగుల దగ్గరికొస్తే మాత్రం గొంతు మారిపోయేది. వాళ్ళు ఏమనుకుని ఉంటారో, గుమ్మం దాటాక ఎవరితో ఏం చెప్పుకుని ఉంటారో కూడా చెప్పేది. తెరమీద రోగి నోరు మూసుకుని కూర్చుంటే చూడలేక తనే ఒక మాట అందించిందని నాకు పోయిన వారం తెలిసింది. నేను దాన్ని రచయిత ప్రతిభ అని అచ్చువేయించాను.

ఆవిడ తీర్పు కూడా ఒకటుండేది. నేను కాగితం మీద పెట్టుకుని కూడా వదిలేసింది అదే. "తెలివుందిరా వాడికి, కాదనను. కానీ వాడి ఎదురుగా కూర్చున్న మనిషికి నోరెండిపోతుంది. నోరెండిపోయినవాడు రోగం ఏం చెప్పుకుంటాడు?" అంది. నిజమే అనుకున్నాను. అదే రాద్దామని ఆఫీసుకి వెళ్ళాను కూడా. అప్పటికి ఆ సీరియల్ మీద పెద్ద రగడ నడుస్తోంది. దినపత్రికలవాళ్ళు ఆ డాక్టర్ని ఉతికి ఆరేశారు. పాఠకుల ఉత్తరాల్లో ఒక రిటైరైన నర్సు, ఇలాంటి డాక్టరు దొరికితే ఇంజెక్షన్ ఎక్కడ వెయ్యాలో తనకి తెలుసునని రాసింది. ఒక్క ఇంగ్లీషు పత్రిక మాత్రం, తెలుగు టీవీకి ఇన్నాళ్ళకి అసలైన మనిషి దొరికాడని పొగిడింది. మా ఎడిటర్‌గారు ఆ కత్తిరింపు నా ముందు పెట్టి, మనం కూడా అందరిలా అమాయకంగా రాస్తే ఎలాగయ్యా అన్నారు. నాకు అమాయకుణ్ణి అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. మెత్తగా మాట్లాడే వైద్యుడు రోగిని సంతోషపెడతాడు, కటువుగా మాట్లాడేవాడు బతికిస్తాడు అని ఒక వాక్యం రాశాను. రాశాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. అత్తయ్య మాటల్లో నా సమీక్షలోకి వెళ్ళింది ఆ రోగి డైలాగు ఒక్కటే, అదీ డాక్టరు గొప్పతనానికి సాక్ష్యంగా.

పత్రిక వచ్చినరోజు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, మధ్యాహ్నం వరకూ దాన్నే చదివింది. కోప్పడుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ కోప్పడలేదు. నేనే సరిగ్గా చూడలేదేమోరా, నీలా లోతుగా చూడటం నాకెలా వస్తుంది అంది. తన కళ్ళతో చూసినదానికంటే, చూడనివాడు అచ్చులో రాసిందే ఎక్కువ నమ్మింది. నాకు అప్పుడు గర్వంగానే ఉంది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఎండాకాలంలోనే ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుంది, వాము నమిలింది, మజ్జిగలో ఇంగువ వేసుకుంది. చీర కుచ్చిళ్ళు రెండు ఎక్కువ వస్తున్నాయని నవ్వింది. నేనే బలవంతాన పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. హస్తవాసి గల డాక్టరని ఆయనకి పేరు, నోరు మంచిది కాదనీ పేరు. గది బయట బెంచీల మీద కూర్చుని ఉండగా, లోపలినుంచి ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. అత్తయ్య ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టేవాళ్ళే బతికిస్తారమ్మా, మావాడు పేపర్లో కూడా రాశాడు అని నన్ను చూపించింది. ఆమె నావైపు భక్తిగా చూసింది. నేను వినయంగా తల వంచుకున్నాను.

మా వంతు వచ్చింది. డాక్టరు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని గద్దించాడు, వాము సంగతి విని విసుక్కున్నాడు, పొట్ట నొక్కి చూశాడు, మందులు రాశాడు. అత్తయ్య చీర అంచు వేలికి చుట్టుకుంటూ, ఇంకొకటి ఉందండీ అంది. ఆయన తలెత్తలేదు. "నొప్పికొచ్చారు, నొప్పి గురించే మాట్లాడండి. బయట నలభైమంది ఉన్నారు" అని పెన్ను మూత పెట్టేశాడు. అత్తయ్య నోరు తెరిచి, మూసుకుంది. టీవీలో ముక్కూమొహం తెలియని రోగికి మాట అందించిన మనిషి, తన కోసం ఒక్క ముక్క అనలేకపోయింది. పక్కనే నిలబడ్డవాణ్ణి, నేనైనా అనొచ్చు. నాకూ నోరెండిపోయింది.

బయట ఆటో ఎక్కాం. డ్రైవరుది బోరబండ, దారి పొడుగునా ట్రాఫిక్‌ని తిడుతూనే ఉన్నాడు. సగం దూరం వచ్చాక అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, ఎవరూ వినకూడదన్నట్టు చెప్పింది. రెండు నెలలనుంచీ విరేచనం తారులా నల్లగా అవుతోందట. మగాళ్ళ ముందు ఎలా అనాలో తెలియక కూడబలుక్కునేలోపు ఆయన పెన్ను మూసేశాడట. అక్కడే చెప్పాలి కదా అత్తయ్యా అని నేను గట్టిగా అరిచాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"ఏమైంది అన్నా? దవాఖానకి వాపస్ పోవాల్నా? ముంగట తిప్పుకుంటే అయిదు నిమిషాలల్ల ఆడుంటం."

ఆరోజు మా పత్రిక పేజీలు ప్రెస్సుకి వెళ్ళే రోజు. అది నేను చెప్పుకునే సాకు. అసలు సంగతి, మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి ఆ డాక్టరు చేత తిట్లు తినడానికి నాకు భయమేసింది. అంత తెలివైనవాడు పొట్ట నొక్కి చూశాడు కదా, ఆయనకి తెలియకుండా ఉంటుందా అని కూడా అనుకున్నాను. సమీక్షలో నేను రాసింది నేనే నమ్మడం మొదలుపెట్టాను. నెల తర్వాత ఎలాగూ రమ్మన్నారు, అప్పుడు చెబుదాం అన్నాను. అత్తయ్య అలాగేరా అంది. డ్రైవరు భుజాలెగరేసి ముందుకి పోనిచ్చాడు.

నెల తర్వాత చెప్పాం. ఆ డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అదే పూట పరీక్షలన్నీ చేయించాడు, ఫలితాలు తనే తెచ్చి చూసుకున్నాడు. నిజానికి చెడ్డవాడు కాదు. ఆ నలుపు లోపల కారిన నెత్తురట, కడుపులో పుండు క్యాన్సరై కాలేయం దాకా పాకిందన్నాడు. ఈ సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదమ్మా అని ఈసారి నిజంగా బాధతో అరిచాడు. అత్తయ్య నావైపు చూడలేదు. "మర్చిపోయానండి" అంది. ఆ తప్పు తన మీద వేసుకుని, దాంతోనే దసరాకి ముందు వెళ్ళిపోయింది. ఆఖరి రోజుల్లో కూడా చూడవచ్చినవాళ్ళతో, డాక్టరుగారి తప్పేమీ లేదు, నేనే మతిమరుపు మనిషిని అని చెప్పేది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని వినేవాణ్ణి. ఒక్కసారి, ఒక్కరితోనైనా, కాదు ఆవిడ చెప్పబోయింది అని అనలేకపోయాను.

ఒక నెల ముందు తెలిస్తే బతికేదా అని తర్వాత ఇంకో డాక్టర్ని అడిగాను. చెప్పలేమండీ, కొంతకాలం కలిసొచ్చేదేమో అని మెల్లగా అన్నాడు. ఎంతకాలమని అడగలేదు. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, పత్రిక మూతపడింది, ఆ దారి మీద మెట్రో వచ్చింది, నా జుట్టు తెల్లబడింది. ఈ పాతికేళ్ళూ ఎలా గడిచిపోయాయో అడిగితే చెప్పలేను. వెనక్కి తిప్పమని నేను అనని ఆ అయిదు నిమిషాలు మాత్రం నాకు ఇంకా గడవలేదు.