నేను మార్చిన స్వరం

ఆ రోజు విజయనగరంలో సంగీత విద్యార్థుల ముందు ఒక పెద్దాయనను తప్పు పట్టాను. తప్పు నాదే.

నౌపడ నుంచి వచ్చిన ఆ సన్నాయి విద్వాంసుడు ఒక పాత కీర్తన వాయిస్తున్నాడు. మధ్యలో ఆపి, "ఇక్కడ ధైవతం రాదండీ, పుస్తకం చూడండి" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆయన సన్నాయి ఒళ్లో పెట్టుకుని, "మా తాత ఇలాగే ఊదీవోడు బాబూ. మీ పుస్తకం కంటే మా తాతే ముందు పుట్టాడు గదా" అన్నాడు. ఇక ఊదలేదు.

ఆ పుస్తకం నేను పరిష్కరించి అచ్చువేయించినదే. ఇంటికి వచ్చి, దానికి ఆధారమైన రాతప్రతి తీసి చూశాను. అందులో ధైవతమే ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట, రాసినవాడు పొరబడ్డాడనుకుని నేనే దాన్ని మార్చాను. మార్చినట్టు ఎక్కడా చెప్పలేదు. సంగీత చరిత్ర రాసేవాడు చేయకూడని పని అది.

మర్నాడు రైలెక్కి నౌపడ వెళ్లి, రాతప్రతి ఆయన ముందు పెట్టి ఒప్పుకున్నాను.

"నాకు సెప్తే ఏటి లాభం బాబూ? నవ్విన పిల్లలకి సెప్పు" అన్నాడు.

ఆ వారంలోనే అదే విద్యార్థులను కూర్చోబెట్టి, ఆయన పక్కన ఉండగా అంతా చెప్పాను. వాళ్ల ముందే నా పుస్తకంలో ఆ స్వరం కొట్టేసి, ధైవతం రాసి సంతకం పెట్టాను. ఆయన కీర్తన మొదటి నుంచి ఊదాడు. నిన్న శ్రీకాకుళం గ్రంథాలయంలోని ప్రతినీ దిద్ది వచ్చాను. మిగతావీ దిద్దుతాను.