బుద్రి హాల్ టికెట్ పట్టుకుని ముంచింగిపుట్టు దాకా

అరకు దాటి ముంచింగిపుట్టు వైపు వెళ్ళేవాళ్ళు జలపాతాల కోసమో, కాఫీ తోటల కోసమో వెళ్తారు. నేను వెళ్ళింది ఒక పిల్లకి హాల్ టికెట్ ఇచ్చి, పరీక్షకి వెంటబెట్టుకు రావడానికి. అరకులో మా కిరాణా కొట్టు పక్కనే ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడ ఉండి చదువుకున్న బుద్రికి మూడేళ్ళు సాయంత్రం పూట నేనే ఇంగ్లీషు చెప్పాను. నేను చదివింది పదో తరగతే. అయినా నా పాత వ్యాకరణం పుస్తకం ముందు పెట్టుకుని నౌన్లు, వెర్బులు, ఎడ్జెక్టివులు వేరువేరుగా రాయించి, రోజుకి కొన్ని మాటలు తెలుగు అర్థాలతో సహా అప్పజెప్పించుకునేదాన్ని. ఆరు వందల మాటలు తడబడకుండా చెప్పేది. తీరా పదో తరగతిలో అన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. సెలవులకి ఇంటికి వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. సోమవారం సప్లిమెంటరీ పరీక్ష, హాల్ టికెట్ హాస్టల్‌కే వచ్చింది. అది గట్టెక్కితే ఇంటర్లో చేరి, తర్వాత నర్సు కావాలని దాని ఆశ.

శనివారం దేవుడి దగ్గర దీపం పెట్టుకుని ఏడున్నరకి షేర్ జీపు దగ్గరికి వెళ్ళాను. డుంబ్రిగూడ మీదుగా ముంచింగిపుట్టుకి మనిషికి నూట ఇరవై తీసుకున్నారు. జీపు నిండితేనే కదులుతుంది కాబట్టి ఒక అరగంట ఎక్కువే పెట్టుకోండి. డ్రైవరు మా కొట్టుకి వచ్చేవాడే.

"బేగి ఎక్కండి సావుకారమ్మా. ఏటి, కొట్టు ఒగ్గేసి టూరు ఎల్తన్నారా?"

బుద్రి వాళ్ళ ఊరి పేరు చెప్పాను.

"అలాగా! ఇరవై ఏళ్ళ నుంచి మా ఊళ్ళకి ఉప్పూ సబ్బులూ అమ్మతన్నారు, ఒకపాలైనా మా ఊళ్ళ మొకం సూసినారేటి?" అన్నాడు. జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, వాడన్నది నిజమే.

దారంతా మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, పనస చెట్లు, వానకి ఎర్రగా తడిసిన మళ్ళు. రెండు గంటల్లో ముంచింగిపుట్టు చేరాను. అక్కడి నుంచి ఆటోకి రెండు వందలు. రోడ్డు అయిపోయాక అరగంట ఎక్కుడు నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కర్ర తీసుకెళ్ళాలి.

పదకొండున్నరకి వాళ్ళింటికి చేరేసరికి బుద్రి తల్లి అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. ఆమెకి తెలుగు రాదు, ఆదివాసీ ఒరియాలోనే మాట్లాడుతుంది. నన్ను చూడగానే లేచి, దొన్నెలో రాగి అంబలి పోసి ఇచ్చింది.

"హాల్ టికెట్ తెచ్చానమ్మా, బట్టలు సర్దుకో. రేపంతా కూర్చుని చదివితే చాలు," అన్నాను బుద్రితో.

"నాను రానమ్మా. మంగళారం మా ఊరి ఆడగుంటలందరూ తమిళనాడు మిల్లు పనికి ఎల్తన్నారు. నా పేరు కూడా ఇచ్చీసినాను."

"అంత చక్కగా అప్పజెప్పేదానివి కదే!"

"ఇప్పుడూ సెప్తాను, అడగండి," అంది నవ్వుతూ.

అడిగాను. కైండ్ అంటే ఎడ్జెక్టివ్, దయగల. హంబుల్ అంటే ఎడ్జెక్టివ్, వినయముగల. ఒక్క తప్పు లేదు. తల్లి కుడుతున్న ఆకు ఆపి ఏదో అడిగింది. బుద్రి తలొంచుకుంది.

"ఏమంటోంది మీ అమ్మ?"

"దయగల అంటే ఏటని."

"చెప్పు మరి."

"నాకు తెలీదమ్మా," అంది బుద్రి.

వినయం అడిగాను, ఓర్పు అడిగాను, కృతజ్ఞత అడిగాను. ఏదీ తెలియదు. కొట్టులో బేరాలాడే పిల్లకి తెలుగంతా వచ్చనుకున్నాను. ఒక తెలియని మాటకి ఇంకో తెలియని మాట అతికించి మూడేళ్ళు అప్పజెప్పించాను. మా అమ్మ నాకు స్తోత్రాలు అలాగే నేర్పింది. ముందు నోటికి రానీ, అర్థం అదే వస్తుంది అనేది. నేను అదే పద్ధతి పట్టుకున్నాను.

"ఎప్పుడూ అడగలేదేమే?" అన్నాను.

"మీరు కళ్ళు మూసుకుని ఇనేవోరు కదమ్మా. మజ్జిలో ఆపితే తప్పనుకున్నాను."

దొన్నె చూపించి, "అడక్కుండానే మీ అమ్మ నాకు అంబలి పోసింది చూడు, అదే దయ," అన్నాను. బుద్రి ముఖం విప్పారింది. తల్లికి ఒక్క ముక్కలో చెప్పింది. తల్లి పకపకా నవ్వి ఏదో అంది.

"ఇంతేనా, దీనికి మూడేళ్ళా అంతంది," అని బుద్రి తెలుగులో చెప్పింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఇంకా ఆరొందలున్నాయి. సోమారం లోపల ఎన్ని అవుతాయమ్మా?"

మనసు మారితే సోమవారం రమ్మని, హాల్ టికెట్ చేతిలో పెట్టి లేచాను. బుద్రి ఆటో దాకా వచ్చి, "మీరు బెంగెట్టుకోకండి," అని నాకే ధైర్యం చెప్పింది. మూడున్నర జీపు పట్టుకుని ఆరు గంటలకి అరకు చేరాను.

సోమవారం పరీక్ష జరిగే బడి గేటు దగ్గర గంట కొట్టేదాకా నిలబడ్డాను. బుద్రి రాలేదు. మిల్లుకి వెళ్ళిపోయిందని తర్వాత జీపు డ్రైవరు చెప్పాడు. దేవుడి ముందు కూర్చుంటే క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. చదువు రాని పిల్ల కాదది. నా మాటల్ని వాళ్ళమ్మకీ, వాళ్ళమ్మ మాటల్ని నాకూ క్షణం ఆలోచించకుండా అందించింది. ఆ తెలివి మూడేళ్ళు నా ఎదుటే కూర్చుంటే, నేను దాన్ని ఒక్కసారి కూడా పలకరించలేదు. చెడు తలపెట్టి చేసింది కాదు. కానీ ఆ మాట ఆ పిల్లకి ఏం పనికొస్తుంది?

సెలవుల్లో ఇటు వచ్చి పిల్లలకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఒక మాట నేర్పాక, దాన్ని ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి వాళ్ళ భాషలో చెప్పి రమ్మనండి. ఆవిడకి అర్థమైందని తెలిశాకే రెండో మాట మొదలుపెట్టండి.