కందిరీగలకు పెట్టిన లొట్టి

కాటమయ్యను నోరు తెరవమన్నారు. పట్టపగలు, ఆఫీసు మెట్ల ముందు, పదకొండు మంది చూస్తుండగా.

"ఆ... అను. గట్టిగ ఊదు" అన్నాడు విజేందర్. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్. కాటమయ్య కొడుకంత వయసు ఉంటుంది. యాభై ఆరేళ్ల మనిషి తువ్వాల చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఊదాడు.

ఆ నోట్లో కల్లు చుక్క పడి అప్పటికి ఆరేళ్లు.

రామన్నపేట పక్క పల్లెలో ముప్పై ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీసిన గీతకార్మికుడు కాటమయ్య. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే మోకు జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దవాఖాన మంచం మీదనే భార్య సాలమ్మ చేతిలో చెయ్యేసి ఇక కల్లు ముట్టనన్నాడు. "నా కాళ్లు పోయినంక ఇంగొకని కాళ్ల కష్టం నేనెట్ల తాగుతనే?" అన్నాడట. నడక వచ్చింది గానీ కుంటి నడకే వచ్చింది. రామన్నపేటలో ఒక ఆఫీసు ఆవరణలో బండ్లు చూసుకునే పని దొరికింది.

ఆ ఆవరణలో ఉన్నది ఒక్కటే వేపచెట్టు, మెట్ల పక్కనే. దాని నీడలో పెద్దసారు కారు పెడతారు. వేపపండ్లు రాలే రోజుల్లో అక్కడ కందిరీగలు మూగుతాయి. పక్కఅద్దం వెనక, తలుపు పిడి సందులో గూళ్లు పెడతాయి. ఒకరోజు సారు తలుపు తీయబోతే వేలి మీద కుట్టింది. సారు విజేందర్‌కు ఫోన్ చేశారు. విజేందర్ వచ్చి చెప్పాడు: "ఇంగొక్క కందిరీగ కారు మీద కనవడ్డదంటే రేపటి సంది నువ్వు రావద్దు."

కారు ఎండలో పెడదామని డ్రైవర్ ఫిరోజ్ అడిగి చూశాడు. సీటు కాలుతుందన్నారు సారు. పొగ పెడితే రంగు పోతుందన్నారు. కాటమయ్య రోజూ పొద్దున్నే పుల్లతో గూళ్లు గీకేవాడు. మధ్యాహ్నానికి మళ్లీ వచ్చేవి.

అప్పుడు అతనికి చెట్టు మీది రోజులు గుర్తొచ్చాయి. కల్లు వాసన తగిలితే కందిరీగ ఇంకో వైపు చూడదని తాళ్లెక్కినవాళ్లందరికీ తెలుసు. కల్లు కుండను, అదే లొట్టిని, దించేటప్పుడు మొదట వాటినే విదిలించుకోవాలి. సాలమ్మను అడిగి, ఇంకా తాళ్లెక్కే దాయాదుల ఇంటి నుంచి నిన్నటి పులిసిన కల్లు అడుగుబొడుగు తెప్పించుకున్నాడు. చిన్న లొట్టిలో పోసి, కారుకు నలభై అడుగుల దూరాన వెనక ప్రహరీకి వేలాడదీశాడు. సాయంత్రానికి కందిరీగలన్నీ అక్కడే.

"కాటమన్నా, దావత్ ఇస్తున్నవా ఏంది వాటికి?" అని నవ్వాడు ఫిరోజ్.

"దావత్ కాదు భాయ్, లంచం. గీ ఆఫీసుల లంచం లేంది ఏ పని అయితది?"

మెట్ల మీద టీ తాగుతున్న గుమాస్తాలూ నవ్వారు. ఇరవై రోజులు కారు మీద ఒక్క కందిరీగ వాలలేదు. ఆ లొట్టి ఎందుకుందో ఆఫీసులో అందరికీ తెలుసు.

ఒక్క తప్పు చేశాడు కాటమయ్య. ఎవరి అనుమతీ తీసుకోలేదు. కందిరీగలకు కల్లు పోస్తానని ఏ కాగితం మీద రాసిస్తారు?

లొట్టి నింపుతున్న అతన్ని ఎవరో ఫోన్లో ఫొటో తీసి విజేందర్‌కు పంపారు. నోరు ఊదించింది అందుకే. నోట్లో వాసన లేదు. చేతులకు, అంగీకి ఉంది. "కందిరీగల కోసం సారూ" అన్నాడు కాటమయ్య. "కల్లు గీసే గౌండ్లోనివి. కల్లు కందిరీగలకు పోసి నువ్వు ఉపాసముంటవా?" అన్నాడు విజేందర్. ఫిరోజ్ నేల చూశాడు. గుమాస్తాలు లోపలికి జారుకున్నారు. విజేందర్ లొట్టి తెచ్చి, అందరికీ చూపించి, అక్కడే పగలగొట్టాడు. కల్లు కారు తలుపు మీదా చక్రం మీదా చిమ్మింది.

ఇరవై రోజులుగా ఆ వాసనకు మరిగిన కందిరీగలు ఎంతసేపట్లో వస్తాయి? సారు మీటింగుకు మెట్లు దిగేసరికి కారు చుట్టూ అవే.

పని పోయిందని అప్పటికే చెప్పేశారు. కాటమయ్య ఇంటిదారి పట్టవచ్చు. పట్టలేదు. తువ్వాలతో కారు తలుపూ చక్రమూ తుడిచి, దాన్నే నేల మీది కల్లులో ముంచి భుజాన వేసుకుని ప్రహరీ వైపు కుంటుతూ నడిచాడు. కందిరీగలు అతని వెంట వెళ్లాయి. ఆ కాలుతో అతను పరుగెత్తలేడు. కారు మాత్రం సమయానికి బయలుదేరింది.

ఆ సాయంత్రం దవాఖానలో కాటమయ్య మంచం పక్కన ఫిరోజ్ ఏడ్చాడు. "నీకేం అవసరమొచ్చిందే అన్నా?"

"కారు చూసుకునుడు నా జిమ్మ గద భాయ్."

ఎడమ కన్ను ఇప్పటికీ సరిగా తెరుచుకోదు. ఏజెన్సీ రిజిస్టరులో ఆ రోజు తేదీ ఎదురుగా "తాగి డ్యూటీకి వచ్చాడు, తొలగించడమైనది" అని ఉంది. విచారణ లేదు, డాక్టరు పరీక్ష లేదు, అతని సంతకం లేదు. ఆ ముక్క చూసి ఇంకెవరూ పనిలో పెట్టుకోవడం లేదు. ఊళ్లో కుర్రాళ్లు "కాటమయ్య తాత, కందిరీగల పేరు చెప్పి ఎన్ని లొట్లు లేపినవే?" అంటున్నారు. అతను నవ్వి ఊరుకుంటాడు. సాలమ్మ ఊరుకోలేదు. రిజిస్టరు నకలు కొంగున కట్టుకుని తిరుగుతోంది.

"నౌకరి పోతే పోనీ అయ్యా. గా ఒక్క ముక్క కొట్టేపియ్యుండ్రి. ఆరేండ్ల సంది నాకిచ్చిన మాట మీదున్న మనిషి" అంటుంది.

ఫిరోజ్ ఇప్పుడు తన సాక్ష్యం రాసిచ్చాడు. ఒక్క సాక్ష్యం చాలదంటున్నారు ఏజెన్సీ వాళ్లు. ఆ రోజు మెట్ల మీద ఉన్న మిగతా పది మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, సాలమ్మ ఇంటికి వెళ్లండి. లొట్టి ఎందుకు కట్టాడో మీకు తెలిసింది తెలిసినట్టు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. తక్కిన పాఠకులారా, మీ ఆఫీసు గేటు దగ్గర ఉన్న మనిషిని రేపు ఎవరైనా నోరు తెరవమంటే, మీరు లోపలికి వెళ్లిపోకండి. అక్కడే నిలబడి, అతను చెప్పేది రాసుకోమని అడగండి.