ఆయ్ అనకుండా కాసేపు

మా యోగా క్లాసులో కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, ఒక్కరికీ కుదిరేది కాదు. అందుకు మా మర్యాదే కారణం. కొత్తపేటలో ఒక కల్యాణమండపం పైఅంతస్తులో పొద్దున్నే ఆడవాళ్ళందరం చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. నేర్పేది అనంతపురం వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన అమ్మాయి. మా పిల్లల ఈడే అయినా మాకు మేడంగారే. ఊపిరంతా వదిలించి, బిగబట్టించి, మా మధ్య తిరుగుతూ "అందరికీ అర్థమయిందా?" అని అడిగేవారు. అడిగాక పలక్కుండా ఎలా? పలకాలంటే గాలి కావాలి. అందరం గబుక్కున పీల్చేసుకుని, మా వైపు మర్యాదగా అవుననే పద్ధతిలో, "ఆయ్" అనేవాళ్ళం.

"బిగబట్టినప్పుడు జవాబు చెప్పకూడదండీ" అని ఒకరోజు కాస్త గట్టిగానే చెప్పారావిడ. అప్పుడు మేం బిగబట్టే ఉన్నాం. "ఆయ్" అన్నాం.

నేను ఒళ్ళు తగ్గాలని చేరలేదు. తగ్గితే వద్దనేదాన్నీ కాదనుకోండి. అంతకు ముందు ఏడాది జ్వరం, దగ్గు వచ్చి, ఊపిరి అందక కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాను. తగ్గిపోయింది. అమలాపురంలో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఏ వ్యాయామమైనా చేసుకోవచ్చన్నారు. జబ్బు పోయింది గానీ, దాని వెంట వచ్చిన భయం ఖాళీ చెయ్యని అద్దెవాడిలా ఉండిపోయింది. వదిలిన ఊపిరి మళ్ళీ రాదేమోనని భయం. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఓసారి గట్టిగా పీల్చి చూసుకునేదాన్ని. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే దిగిపోయేదాన్ని. ఐనవిల్లి వెళ్ళి, అక్కడి క్యూ చూసి, వినాయకుడికి బయటి నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. జాలి నా ఒంటికి పడదు.

క్లాసులో అన్నిటికంటే నాకు కష్టమైంది మూడు బంధాలూ వేసి ఊపిరిని బయటే ఆపడం. ముందు లోపలున్న గాలంతా వదిలేయాలి. గొంతు దగ్గర తాళం వేసినట్టు గడ్డం ఛాతీకి ఆనించాలి, అది జాలంధరబంధం. పొట్టని పక్కటెముకల కిందికి, వీపుకి అంటుకుంటుందా అన్నంతగా లాగాలి, అది ఉడ్డియానబంధం. కూర్చున్న చోట అడుగు కండరాలు పైకి బిగించాలి, అది మూలబంధం. ఆ పైన కంగారు పడకుండా ఉండగలిగినంతసేపు ఉండాలి. గాలి నింపుకుని ఆపమంటే ఆపేదాన్ని. గాదెలో ధాన్యం ఉన్నంత ధైర్యంగా ఉండేది. ఖాళీగా ఉండమంటేనే ప్రాణం మీదికి వచ్చేది. "బలవంతం చెయ్యొద్దండీ, అలాగని పారిపోవద్దు" అనేవారు మేడంగారు.

ఇంట్లో కూడా రోజూ సాధన చెయ్యమన్నారు. మా ఆయన అరటిగెలల బండి వెంట చీకటితోనే రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళిపోతారు. పెరటివైపు గది ఖాళీ, డాబా ఖాళీ. నేను మాత్రం చాప తెచ్చి వీధరుగు మీద వేసేదాన్ని. అక్కడైతే గాలి బాగా వస్తుందని నా వాదన. పొట్ట లోపలికి లాగి కళ్ళు మూసుకుంటానో లేదో, గేటు దగ్గర "ఉన్నారాండీ?" అని పాలాయన. "ఆయ్, ఉన్నాం" అని లేచేదాన్ని. మళ్ళీ కూర్చుంటే కొబ్బరి దింపు తీసేవాళ్ళు, తోటలో ఏ వైపు నుంచి మొదలెట్టమంటారని. ఆ తర్వాత కరివేపాకు కోసం పక్కింటి వదినగారు. పిలిచినవాళ్ళని గేటు బయట నిలబెట్టి, కళ్ళు మూసుకు కూర్చుందని పేరొస్తే ఇంకేమైనా ఉందా? నా సాధన ఎందుకు సాగట్లేదని మేడంగారు అడిగినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళ మీదికి తోసేసేదాన్ని.

మా అత్తగారికి ఎనభై దాటాయి. గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ ఇదంతా చూస్తుండేవారు. ఒకరోజు పాలాయన్ని పంపించి వచ్చి నేను కూర్చోగానే అన్నారు.

"అమ్మాయ్, ఓ మాటడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు బిగబట్టేక వాళ్ళు పిలుస్తున్నారా, వాళ్ళు పిలిచే వేళ చూసుకుని నువ్వు బిగబడుతున్నావా?"

"అదేంటండీ అత్తయ్యగారూ!"

"పాలాయన బండి చప్పుడు మలుపులో వినపడ్డాకే పొట్ట లాగుతున్నావు. రోజూ చూస్తూనే ఉన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను. రెండు గిన్నెలు సర్దేసరికి తెలిసిపోయింది, ఆవిడ అన్నది నిజమే. ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారన్న భరోసా ఉంటేనే నేను ఊపిరి వదలగలుగుతున్నాను. ఆ పిలుపు పట్టుకుని ఒడ్డెక్కేస్తున్నాను. తిరిగి వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, నా భయం సంగతంతా చెప్పాను. ఆవిడ జాలిపడలేదు. అందుకు ఈరోజుకీ ఆవిడంటే నాకు ప్రేమ.

"అలాగా" అన్నారు, గ్లాసు కింద పెట్టి. "అయితే రేపట్నుంచీ గేటు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ పని చూసుకో."

మర్నాడు ఆవిడ కుర్చీ అరుగు చివరికి జరిగింది. "ఉన్నారాండీ?" అని గేటు దగ్గర గొంతు వినపడగానే నాకంటే ముందు ఆవిడే పలికారు.

"ఆయ్, ఉన్నామండి. మా కోడలు ఊపిరి బిగబట్టింది. ఇలా వచ్చి కూర్చోండి."

"ఎందుకండీ?"

"ఆరోగ్యానికండి."

"ఎంతసేపండీ?"

"వదిలేదాకానండి."

నవ్వాపుకోలేక నాకు ఆ వారమంతా వృథా అయిపోయింది. తర్వాత్తర్వాత అందరికీ అలవాటైంది. పాలాయన క్యాను చప్పుడు కాకుండా దింపేవారు. వదినగారు తనంతట తనే కరివేపాకు కోసుకుని, అత్తగారికి చూపించి వెళ్ళేవారు. ఇక నాకు చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు.

ముసురు పట్టిన ఒక పొద్దున, వీధిలో మనిషి జాడ లేదు. మేం ఇద్దరమే అరుగు మీద ఉన్నాం. ఊపిరంతా వదిలేశాను. గడ్డం దిగింది, పొట్ట లోపలికి పోయింది, కింద బిగిసింది. పిలిచేవాళ్ళు ఎవరూ రారని తెలుసు. భయం ఎక్కడి నుంచి బయల్దేరుతుందో కూడా నాకు తెలుసు, గుండెకి కాస్త కింద. దానికోసం అక్కడే కాచుకుని కూర్చున్నాను. చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు కాఫీ చల్లార్చుకుంటున్న చప్పుడు వినిపించింది. లోపల గాలి లేదు, అయినా నేను ఉన్నాను. హాయిగా ఉన్నాను. ఇక చాలనిపించాక బంధాలు ఒక్కొక్కటే వదిలాను. నేను లాగకుండానే, దాని పాటికది, ఊపిరి మెల్లగా లోపలికి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి నీళ్ళు కారిపోతున్నాయి. అత్తగారు కంగారుగా కుర్చీలోంచి ముందుకు వంగారు.

"ఏవైందమ్మాయ్? భయవేసిందా?"

"లేదండి."

"మరెందుకా ఏడుపు?"

"వెయ్యలేదండి అత్తయ్యగారూ" అన్నాను. "అందుకే."