మా అత్త చూపించిన నాందేడు

నిన్న సాయంత్రం మా వీధిలో పెళ్లి ఊరేగింపుకని ఒక గుర్రాన్ని తెచ్చి సరిగ్గా మా కిటికీ కింద కట్టేశారు. అప్పుడే వాన వెలిసింది. తడిసిన గుర్రం వాసన, జీను తోలు వాసన, నానిన గడ్డి వాసన అన్నీ కలిసి గదిలోకి వచ్చేశాయి. నా మనవరాలు ముక్కు మూసుకుని కిటికీ తలుపు వేయబోయింది. "ఉండనియ్యే! నేను గీ వాసనల నుంచే కాపురానికి అచ్చిన" అన్నాను. అది నవ్వింది, నమ్మలేదు. నమ్మకపోతే మానె. ఇంత వయసొచ్చినా ఆ వాసన తగిలితే చాలు, ఎవరో నన్ను టాంగా ఎక్కించి నాందేడు బజారుకు తీసుకుపోతున్నట్టే ఉంటుంది. అలా తీసుకుపోయింది మా అత్త రాజవ్వ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె నవ్విందంటే పెరట్లో కోళ్లు బెదిరి గోడెక్కేవి. అక్షరం ముక్క రాదు, భయం అసలే తెలియదు. నా పుట్టింటివాళ్లు నాకు బతకడం నేర్పారు. సంబరపడడం నేర్పింది ఆమె.

నాందేడుకు ఎగువన గోదావరి ఒడ్డున మా పుట్టిల్లు. అత్తగారి ఊరు చాలా దిగువన, బాబ్లీ దగ్గర. నిజాం రాజ్యం రోజులవి. చిన్నప్పుడే పెళ్లయింది. కాపురానికి పంపే వేళకు నేను మా అత్త కంటే జానెడు పొడుగు ఎదిగి కూర్చున్నాను. ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. నల్లరేగడి దారిలో బండి కడితే ఇరుసు దాకా దిగబడుతుందని మా మామ పడవ మాట్లాడాడు. దసరాకు వేరే ముహూర్తం అక్కర్లేదు కదా, ఆ రోజు తెల్లవారుతూనే బయలుదేరదీశారు. పడవలో నేను, అత్త, మామ, నా పెనిమిటి, ఇద్దరు పడవవాళ్లు. అత్తింటివారికి ఒక ఆనవాయితీ ఉంది. పుట్టింటి గడప దాటిన కోడలు అత్తింటి గడప తొక్కేదాకా మధ్యలో ఏ ఊరి నేలా తొక్కకూడదు. తొక్కిందా, అక్కణ్నుంచే పుట్టింటికి తిప్పి పంపాలి, మళ్లీ మంచిరోజు కుదిరినప్పుడు తెచ్చుకోవాలి. తిప్పి పంపిన పిల్ల గురించి ఊళ్లో ఎన్ని మాటలు పుడతాయో చెప్పక్కర్లేదు. నదిలో ఇసుకతిన్నెలు ఏ ఊరివీ కావు గనక వాటి మీద దిగవచ్చు. లేకపోతే దారిలో నా గతేమయ్యేదో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నానికి ముందే నాందేడు కనిపించింది. కనిపించడం కంటే ముందు వినిపించింది. నీళ్ల మీదుగా నగారాల మోత, గంటలు, జనం హోరు. వానలకు గోదావరి అక్కడ చెరువంత వెడల్పై నిలిచినట్టుంది. ఒడ్డు పొడుగునా మెట్లు, మెట్ల మీద రంగురంగుల చీరలు, జెండాలు, బంతిపూల రాసులు. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన పెద్ద ఊరు మా సంత ఊరే. గుడ్లప్పగించి చూస్తుండగానే మా మామ పడవలో చాపలు అడ్డం కట్టించి నన్ను వాటి వెనక కూర్చోబెట్టాడు. పడవవాళ్లు ఆ రేవులో తెడ్లకూ గడలకూ పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకున్నాకే మళ్లీ వాటిని పట్టుకుంటారట. ఈలోగా మామ తన కొడుకుని వెంటబెట్టుకుని, చుట్టాలకు జమ్మి ఇచ్చి వస్తానని బయలుదేరాడు. మామ మీసాలు పెద్దవి, మాటలు తక్కువ. "పొద్దు గూకక ముందే అస్తం. కోడలు పైలం" అన్నాడు అత్తతో, జాగ్రత్త అని. అంతే.

చాప సందుల్లోంచి నాకు కనిపించిందల్లా ఎవరివో తడి కాళ్లు. జిలేబీ వాసన వస్తోంది, ఎక్కడో సన్నాయి వాయిస్తున్నారు, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అత్త చాప ఎత్తి తల లోపలికి పెట్టింది.

"ఏందే, అమ్మ యాదికచ్చిందా?"

"కాదత్తా. ఊరు చూడాలని ఉన్నది."

అబద్ధం చెప్పడం తోచక నిజమే చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కన చతికిలబడింది. "నన్ను గూడ గిట్లనే కూసోబెట్టిండ్రు" అంది. "గిదే రేవు. గిదే దసరా. పొద్దంత పడవ చెక్కలు చూసుకుంట కూసున్న. మా అత్త పోయి జాతరంత తిరిగచ్చి, నాకు ఒక పేడా తెచ్చిచ్చింది. తర్వాత మస్తుసార్లు అచ్చిన గనీ, కొత్తపిల్లకుండే సంబురం మల్ల యాడికెళ్లి వస్తది?" ఉన్నట్టుండి నా మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది. "నేల తొక్కద్దన్నరు. ఊరు చూడద్దని ఎవలన్నరు?"

మెట్ల మీదికి పోయి ఆమె పెట్టిన కేకకు రేవంతా తిరిగి చూసింది. పక్కన వాలుగా ఉన్న దారిలో టాంగాలు నిలిచి ఉన్నాయి. ఒక ముసలి టాంగావాలాను పట్టుకుని, బండిని నీళ్లలోకి దింపి పడవకు ఆనించమంది. "పానీమే? ఘోడా బిదక్తా, బాయీ!" అన్నాడాయన, గుర్రం బెదురుతుందని. "నీ గుర్రం బెదిరితె నేను పట్టుకుంట. నువ్వు బెదరకు" అంది మా అత్త. గుర్రం మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి ఒళ్లు విదిల్చింది. చుక్కలన్నీ నా ముఖాన పడ్డాయి. అదిగో, ఆ వాసన అప్పుడు పట్టుకుంది నన్ను. పడవ అంచు మీంచి టాంగా మీదికి ఒక్క అంగ. నేల ఊసే లేదు!

ఇక చూడండి నా వైభవం. నేను టాంగా మీద, ఊరు నా కింద. అత్త ఒక్కొక్క అంగడి ముందూ బండి ఆపించింది. గాజులవాడు చెయ్యి పైకి చాపి నా ముంజేతికి ఆకుపచ్చ గాజులు ఎక్కించాడు. జిలేబీ ఆకు దొన్నెలో నా ఒళ్లోకే వచ్చింది. నాలుక కాలినా ఆగలేదు, పాకం మోచేతి దాకా కారింది. "వేళ్లు నాకు, నాకు! గియ్యాల్ల నిన్ను ఎవలు సూస్తరు?" అని అత్త తను కూడా వేళ్లు నాకింది. అంత పెద్దావిడ బజార్లో అలా వేళ్లు నాకడం నేనెన్నడూ చూడలేదు. పైనుంచి చూస్తే తలపాగాల ఏరు పారుతున్నట్టుంది. తెలుగు, మరాఠీ, తురకం, పంజాబీ అన్నీ ఒక్కసారే చెవిలో పడుతున్నాయి. నాకు నవ్వొస్తోంది, ఎందుకో తెలియదు. గురుద్వారా దిక్కు నుంచి నీలం తలపాగాల సిక్కులు గుర్రాల మీద వచ్చారు. కత్తులు దూసి, ఒక్కసారిగా కేక వేసి గుర్రాలను ఉరికించారు. దాన్ని అక్కడ హల్లా అంటారు. నేల అదిరింది, టాంగా అదిరింది, నేను లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను. పక్కకు చూస్తే అత్త నాకంటే గట్టిగా అరుస్తోంది.

అరవడంలో పొద్దు సంగతి మరిచిపోయాం. వెనక్కి తిరిగేసరికి హల్లా వెంట వచ్చిన జనం రేవు దారిని నింపేశారు. టాంగా కదలదు, జనం కదలరు. పొద్దు గోదావరి మీదికి దిగిపోతోంది. మరికాస్త దూరమే ఉంది, మా పడవ కనబడుతోంది కూడా. పడవ కొసన పెద్ద మీసాలతో మా మామ నిలబడి ఉన్నాడు. దిగి నడిస్తే పుట్టింటికి తిరుగు దారి, దిగకపోతే చీకటి. అత్త దిగి నన్ను ఎత్తుకోబోయింది. తనకంటే జానెడు పొడుగున్న కోడలు ఎత్తుకుంటే వస్తుందా? ఇద్దరం కలిసి టాంగా మెట్టు మీద కూలబడ్డాం. టాంగావాలా ముఖం తిప్పుకుని నవ్వాడు.

"నా కాళ్ల మీద నీ కాళ్లు పెట్టు" అంది అత్త.

"అయ్యో అత్తా! నీ కాళ్లు మొక్కాలె గనీ తొక్కుతనా? పాపం తాకుతది!"

"పాపం తాకితె నాకు తాకనియ్యి. తొక్కు!"

కళ్లు మూసుకుని తొక్కాను. నా వీపు తన రొమ్ముకు ఆనించి, నడుము చుట్టూ చేతులు బిగించి, నా బరువంతా పాదాల మీద మోస్తూ ఆమె నడిచింది. జనం తోసుకుంటూ దారి ఇచ్చారు. "అగ్గబాయీ! సూన్ సాసూచ్యా పాయావర్!" అని ఒక మరాఠీ ఆవిడ బుగ్గలు నొక్కుకుంది, కోడలు అత్త కాళ్లెక్కిందని. పిల్లలు చప్పట్లు కొడుతూ వెంటపడ్డారు. నా భుజం వెనక అత్త ఊపిరి బుసలు కొడుతోంది, మధ్యమధ్య నవ్వుతోంది కూడా. సిగ్గు, భయం, పట్టలేని సంతోషం. ఆ మూడూ ఒకేసారి అనుభవించినవాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి.

పడవ దగ్గర మామ ఒకటే మాట అడిగాడు. "తొక్కిందా?"

అత్త నన్ను దించకుండానే జవాబిచ్చింది. "తొక్కింది. నన్ను తొక్కింది. నేను నీ ఇంటిదాన్నా, కాదా? ఇన్నేండ్లు నీ ఇంట్ల అందరు దాటిపోయిన గడపను నేనే గద! కోడలు గడప తొక్కింది. ఇగ పంపుతవో, ఉంచుకుంటవో నీ ఇష్టం."

నా పెనిమిటి మామ వెనక తల వంచుకుని నిలబడ్డాడు. మామ అత్త పాదాల వంక చూశాడు. నా కొత్త మెట్టె నొక్కుకుని ఆమె బొటనవేలి గోటి కింద నెత్తురు చిమ్మి ఉంది. ఆయన చెంబు తీసుకుని వంగి, గోదారి నీళ్లు ముంచి ఆమె పాదాల మీద పోశాడు. మా పాదాల మీద అనాలి, నేనింకా దిగలేదు కదా. "కోడలు ఇల్లు చేరింది" అన్నాడు పడవవాళ్లతో.

"ఇన్నవా? ఇల్లు చేరినవట!" అని అత్త నా నడుము మీది చేతులు వదిలేసింది. "ఇగ దిగు. నీ కాళ్లతోని ఊరు తొక్కు."

నాందేడు రేవులో తడి రాతి మీద కాలు పెట్టాను. చల్లగా ఉంది. చిన్నపిల్లలా ఆ మెట్లన్నీ ఎక్కి దిగాను, అత్త కింద కూర్చుని కాలు పట్టుకుని నవ్వుతుంటే.

ఆ గోరు నల్లబడి ఊడిపోయింది. మళ్లీ మొలిచినప్పుడు వంకరగా, మందంగా మొలిచింది. ఎవరేమడిగినా "పడవల తాకింది" అనేది, నా వైపు చూసి కన్ను గీటేది. ముసలితనంలో చూపు ఆనక, నడుము వంగక ఆమె గోళ్లు తీసుకోలేకపోయింది. పని చేసేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. నేను ఎవరినీ ముట్టనివ్వలేదు. స్నానం చేయించి, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. వంకర గోరు దగ్గరికి వచ్చేసరికి ఆ వేలిని గట్టిగా పట్టుకునేదాన్ని. "జర మెల్లగ బిడ్డా" అనేది అత్త. "అది నువ్వు ఇంట్లకు అచ్చిన గడప."