రెండో చెయ్యి చూడమన్నదెవరు?

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేసే రకం నేను. పద్దెనిమిదేళ్లుగా నర్సుని. మార్చురీ పక్క గదిలో కూర్చుని ఇడ్లీ తిన్న రోజులున్నాయి. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రావులపాలెంలో మాది చిన్న నర్సింగ్ హోమ్. ఆ రోజు పొద్దున్న పదకొండింటికి శిరీష అనే అమ్మాయిని వాళ్ల అత్తగారు ఆటోలో తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. ముందురోజే సీమంతం చేశారు. రెండు భుజాల మధ్య, వీపులో ఉన్నట్టుండి నొప్పి పట్టుకుందట. ఒళ్లంతా చెమట.

"నిన్న పులిహోర ఎక్కువ తినేసిందండి. గ్యాసేనండి, ఆయ్," అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ పైన ఆపరేషన్‌లో ఉన్నారు. కింద నేనొక్కదాన్నే. ఆ అమ్మాయి ఎడమ చేతికి మోచేతి దాకా సీమంతం గాజులు. ఒక్కటి చిట్లినా అపశకునమని గోల చేస్తారు. ఎందుకొచ్చిన గొడవని, గాజులు తక్కువున్న కుడి చేతికే బీపీ చూశాను. నూట పది. కేస్ షీటులో గ్యాస్ అని రాసేసి ఇంజెక్షన్ కోసం తిరిగాను.

వెనక గాజుల చప్పుడు. శిరీష మూలుగుతూనే ఎడమ చేతి గాజులు కిందికి లాగుతోంది.

"ఏంటమ్మా ఆ పని?"

"ఈ చెయ్యి కూడా చూపించమన్నారండి, ఆ పెద్ద సిస్టర్ గారు," అని నా భుజం పక్కకి చూసింది.

అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. సరే, తన తృప్తి కోసమని ఆ చేతికీ బీపీ పట్టీ చుట్టాను.

నూట తొంభై.

మళ్లీ చూశాను. అంతే. రెండు చేతులకీ అంత తేడా ఉంటే గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చీలి ఉండొచ్చని ఎప్పుడో చదివాను. చూడ్డం అదే మొదలు. పైకి పరిగెత్తాను. డాక్టరమ్మ బీపీ తగ్గించే మందు పెట్టించి, రాజమండ్రి పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, నన్ను తోడిచ్చి అంబులెన్స్ ఎక్కించారు. గోదావరి వంతెన మీద లారీలు అడ్డం. "ప్రభువా, నా తప్పుకి ఈ పిల్లని తీసుకుపోకు" అని దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

స్కానింగులో చీలిక కనబడింది. ముందు బిడ్డని తీసి, వెంటనే గుండె ఆపరేషన్ చేశారు. ఇద్దరూ బతికారు. గంట ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారు.

మూడు నెలలకి బిడ్డతో వచ్చారు.

"పెద్ద సిస్టర్ గారేరండి? వాచీ మణికట్టు లోపలివైపుకి పెట్టుకుంటారు, ఆవిడే. మనవరాలిని చూపించాలండి," అన్నారు అత్తగారు.

"మీరూ చూశారా?"

"అదేంటండి, మీ పక్కనే నిలబడి రెండుసార్లు చెప్పారు కదండీ!"

అలాంటావిడ మా దగ్గర ఎప్పుడూ పనిచెయ్యలేదు. అందర్నీ అడిగాను. ఆవిడెవరో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ గదిలో ఆ మాట వినాల్సింది నేను. నాకొక్కదానికే ఎందుకు వినపడలేదో, అదీ తెలియదు.