గంప దించని అప్పల

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. అప్పలనరసమ్మ కూతురు ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ పోయింది."

"ఎక్కడికే?" అన్నాను.

ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఆ రెండు మాటలు అర్థం కాలేదు నాకు.

మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నన్ను చూసి, "ఏటే, గుమ్మడికాయలాగ అయిపోతన్నావు" అంది. అంత ఓపిక ఉన్న మనిషి పోతుందని ఎవరనుకుంటారు?

అప్పలని ఎరిగిన మీలో చాలామంది తనని తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దావిడగానే చూశారు.

నేను తనని పరిగెడుతుండగా చూశాను.

పరిగెత్తలేకపోతుండగా ఇంకా ఎక్కువ చూశాను.

పంతొమ్మిదివందల అరవైల చివర. భోగాపురం. ఇద్దరం హైస్కూల్లో ఒకే బెంచీ. స్పోర్ట్స్‌లో ఆడపిల్లలకి ఒకటే పెద్ద రేసు, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. అప్పల పేరిచ్చింది. అంతకుముందు తను పరిగెత్తగా ఎవరూ చూడలేదు, వాళ్ళ మేక తాడు తెంపుకున్న రోజున తప్ప.

బలం వస్తుందని పొద్దున్నే గిన్నెడు పులిసిన తరవాణి అన్నం తినేసి వచ్చింది.

రెండో రౌండులో ఆ తరవాణి మొత్తం డ్రిల్ మాస్టారి కాన్వాస్ బూట్ల మీద ఉంది.

"నీకెందుకమ్మా ఈ పరుగు?" అన్నారాయన బూట్లు చూసుకుంటూ.

ఆయనది కోపం. నాది నిజంగా డౌటు. ఇంటికి పోతుంటే అడిగాను, ఎందుకే అని.

"ఆగకుండా ఒక్కసారి సివరిదాకా ఎల్తే ఏటవుతాదో సూడాలే" అంది.

అంతే. కప్పు కోసం కాదు, పేరు కోసం కాదు. ఏటవుతాదో సూడాల!

ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టింది. తెల్లారగానే సముద్రం వైపు రోడ్డు మీద, పరికిణీ ఎత్తి దోపుకుని, చెప్పుల్లేకుండా. మా నాన్నగారి వాచీ పట్టుకుని నేను కల్వర్టు మీద కూర్చునేదాన్ని. ఇప్పటి పిల్లలకి బూట్లూ యాప్‌లూ ఉన్నాయి. అప్పలకి నేనున్నాను. యాప్ అయితే వెక్కిరించదు.

ఒక తాటిచెట్టు ఉండేది. అక్కడికి వచ్చేసరికి ఆగిపోయేది. మడమలు పొక్కాయి, మానాయి. జ్వరం వచ్చింది, తగ్గింది. నెల దాటినా అదే తాటిచెట్టు.

"దాన్నే పెళ్ళి చేసుకో, ఎలాగూ రోజూ కలుస్తున్నారు" అన్నాను.

ఆ రోజు నవ్వలేదు. రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. "నా వల్ల కాదే" అంది.

అప్పుడే మా పక్కనుంచి వెళ్ళారు, చేపలమ్మే ఆడవాళ్ళు. నెత్తిన నిండు గంపలు, ఒక చెయ్యి గంప మీద. నడక కాదు, పరుగే. పైగా దారంతా కబుర్లు. అందరికంటే పెద్దావిడ నూకాలమ్మ తన కోడలి మీద కంప్లైంట్లు ఒక్కొక్కటే చెబుతోంది. ఊపిరి ఎక్కడా తెగదు!

అప్పల లేచి వాళ్ళ వెంటపడింది. వెనకాల నేను.

"అత్తా, మీకు ఆయాసం రాదా?"

నూకాలమ్మ ఆగలేదు, తల తిప్పలేదు. "రాకేటి? వస్తాది. ఆగితే గంప దించాల. దించితే మళ్ళీ నెత్తికెత్తీదెవులు? ఎల్లిపోడమే."

నిండు గంపని ఒంటి మనిషి నెత్తికి ఎత్తుకోలేదు. రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. నడిరోడ్డు మీద ఎవరుంటారు?

మర్నాడు అప్పల గంపెడు తడి ఇసక తెచ్చింది. ఎత్తింది నేను. నా నడుం నొప్పి వయసు వల్ల వచ్చిందని డాక్టరు అనుకుంటున్నాడు, పాపం.

మూడుసార్లు దించింది. మూడుసార్లూ ఎత్తాను. మూడోసారి ఎత్తుతూ చెప్పేశాను. "ఇంక దించితే ఎత్తను. నువ్వూ నీ ఇసకా ఇక్కడే ఉండండి."

ఆ పూట తాటిచెట్టు దాటింది.

మరుసటి ఏడు రేసుకి మాస్టారు మొహమాటం లేకుండా చెప్పారు, మధ్యలో ఆగితే పేరు కొట్టేస్తానని. మాకది ఆఖరి ఏడు. స్కూలు అయిపోతే అప్పట్లో ఆడపిల్ల పరిగెత్తడానికి చోటేది, బస్సు వెనకాల తప్ప?

మూడో రౌండులో అడుగు తడబడింది. తాటిచెట్టు దగ్గర మొహం నాకు తెలుసు, అదే మొహం. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు కుడి చెయ్యి మెల్లిగా పైకి లేచింది. నెత్తి మీద ఏమీ లేదు. ఉన్నట్టే పట్టుకుంది.

గ్రౌండంతా ఒకటే నవ్వు. "సేపలో, సేపలు!" అని ఎవడో అరిచాడు కూడా. చెయ్యి దించలేదు. ఆ చెయ్యి అలాగే ఉంచి నాలుగు రౌండ్లూ పూర్తి చేసింది.

ఆరుగురిలో ఐదోది. ఆరో పిల్ల కాలు బెణికి కుంటుతోంది, అది కూడా చెప్పాలి.

"ఏటయిందే సివరికి?" అని అడిగాను.

"ఏటీ అవలేదే. ఇంకో రౌండుంటే బాగుణ్ణనిపించింది."

"అందరూ నవ్వుతుంటే చెయ్యి దించొచ్చు కదే!"

"దించితే ఎత్తనన్నావు గదా."

నిన్న ఫోన్ పెట్టేముందు కూతురు ఒక మాట అడిగింది. ఆపరేషన్ తర్వాత మంచం నుంచి వరండా దాకా నడిపించేవారట. రెండు చేతులూ వాకర్ మీదే ఉంచమని ఫిజియో అమ్మాయి రోజూ మొత్తుకునేదట. సగం దూరం పోయాక అప్పల కుడి చెయ్యి తీసి నెత్తి మీద పెట్టుకునేదట. మొన్న అలాగే వరండా దాకా వెళ్ళిందట, ఆగకుండా.

"ఎందుకలా చేసేదో మీకేమైనా తెలుసా ఆంటీ? మేమడిగితే నవ్వేది."

తెలుసమ్మా. నాకే తెలుసు.

అప్పలా, ఎత్తనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గంప దించుకోవే. హాయిగా కూర్చో, ఆయాసం తీరనీ. మళ్ళీ ఎత్తాల్సి వస్తే, వెనకాల నేను వస్తూనే ఉన్నాను కదా.